మేనత్త బండి: మోగే ఇనుము

కిందటి వారం మనం మేనత్తను కొండ మీది షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టి వచ్చాం. మేనత్త అంటే మనిషి కాదని పాత పాఠకులకు తెలుసు. కొత్తగా చేరినవాళ్లు కంగారు పడనక్కర్లేదు, అదొక పాత వ్యాను. చక్రం వాళ్ల నాన్న పెళ్లికి ముందు కొన్న బండి. ఆయన వెంట ఆ ఇంటికి వచ్చి, ఆయన పోయాక కూడా కదలకుండా అక్కడే ఉండి, ఎక్కిన ప్రతివాళ్ల మీదా సణుగుతుంది కనుక ఆ పేరు స్థిరపడింది. చక్రం మాత్రం మనిషే. నడక రాకముందే ఆ బండి స్టీరింగు పట్టుకుని వేలాడినందుకు ఇంట్లోవాళ్లు పెట్టిన పేరది. బడిలో రాయించిన పేరు ఒకటుంది గాని, అలా పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది.

కొండ దారిలో వంతెన ఇరుకు. ఇప్పటి వ్యాన్లు ఏవీ దాని మీద పట్టవు. మేనత్త ఒక్కతే రెండు పక్కలా అద్దాలు మడుచుకుని, ఒళ్లు దగ్గర పెట్టుకుని దాటుతుంది. ఆదివారం పోను రోజు విడిచి రోజు డయాలసిస్‌కు దిగే కొండవాళ్లకు అదే, దాన్ని నడిపే చక్రమే ఆధారం. వాళ్లలో చక్రం పిన్ని ఒకరు. అమ్మ పోయాక చక్రాన్ని కడుపులో పెట్టుకుని పెంచిన పిన్ని. అలా సాగిపోతున్న బండిని బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపాడు, కిందికి దూరాడు, ముందు టైరు స్టబ్ యాక్సిల్ ఒకటి పగిలిందన్నాడు. టైరును పట్టుకుని, స్టీరింగు ఎటు తిప్పితే అటు తిరిగే ఇనుప మణికట్టు అది. దారిలో విరిగితే టైరు ఒక వైపు, బండి ఒక వైపు, లోపలివాళ్లు లోయ వైపు. నడకవేగంతో ఇంటికి తీసుకుపొమ్మని, సోమవారం లోగా గట్టి ముక్క వేసి చూపించకపోతే బండిని తుక్కుకు పంపడమేనని చెప్పి వెళ్లాడు.

శుక్రవారం పిన్ని ఆసుపత్రికి వెళ్లలేదు. కుర్చీలో కూర్చోబెట్టి వంతెన దాటిస్తామంటే, బతికుండగా నలుగురి భుజాల మీద ఎక్కనంది. పట్నంలో గది తీసుకుందామంటే, ఇల్లు వదిలి అక్కడ పడి ఉండేదాన్నయితే నాకు ఈ సూదులే వద్దంది. పిన్ని మాట అంటే అన్నట్టే. సోమవారం కూడా తప్పితే ఏమవుతుందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఇక శనివారం మధ్యాహ్నం. చక్రం అప్పటికి కొండ దిగి పట్నంలో ఉన్న తుక్కు యార్డులన్నీ తిరిగింది. "ఆ బండా? అవి ఇంకా రోడ్డు మీద ఉన్నాయా?" అని నవ్వినవాళ్లే గాని, ఉందన్నవాళ్లు లేరు. మిగిలింది ఊరి చివర ఉన్న అన్నిటికంటే పెద్ద యార్డు. దాని యజమానురాలిని ఎదురుగా అందరూ రాణిగారు అంటారు. వెనకాల తుక్కురాణి అంటారు. రెండూ ఆవిడకు తెలుసు. రెండో పేరే ఎక్కువ ఇష్టమని కూడా అంటారు.

గేటు దాటి లోపల అడుగు పెట్టిన చక్రం ఉన్నచోటే నిలబడిపోయింది.

తుక్కు యార్డు అంటే ఆమె ఎరిగినంతలో గుట్ట. విరిగింది, వంగింది, కాలింది అన్నీ కలిపి పోసిన గుట్ట, దాని మీద కుక్క, పక్కన చమురు మడుగు. ఇది అలాంటిది కాదు. ఇక్కడ బండ్లకు వీధులున్నాయి. తలుపులన్నీ ఒక వీధిలో, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉన్నాయి. హెడ్‌లైట్లన్నీ ఒక గోడ పొడవునా అరల్లో పేర్చి ఉన్నాయి, అన్నీ దారి వైపే చూస్తున్నాయి. వాటి ముందు నుంచి నడుస్తుంటే ఎండ ఒక్కోదానిలో మెరిసి ఆరిపోతూ ఆమె వెంటే వచ్చింది. ఎవరో లేచి నిలబడి దారి ఇస్తున్నట్టు అనిపించి, ఆమె తెలియకుండానే పైట సర్దుకుంది.

స్టీరింగుల వీధి దగ్గర ఆమె కాళ్లు మళ్లీ ఆగాయి. పొడవాటి గొట్టాలకు వరసగా తగిలించిన స్టీరింగులు. లారీలవి, బస్సులవి, కార్లవి. దగ్గరికి వెళ్లి చూస్తే ప్రతిదానికీ ఒక చోట నలుపు అరిగిపోయి నున్నగా ఉంది. బొటనవేలు ఆనే చోటు. ఒకదానికి పైన, ఒకదానికి పక్కన, ఒక దానికి రెండు చోట్ల. ఏ బండి ఎవరు నడిపారో, ఎక్కడి నుంచి ఎక్కడికి తిరిగారో తెలియదు, వాళ్ల వేళ్లు మాత్రం ఇక్కడ మిగిలిపోయాయి. చక్రం ఒకదాని మీద తన బొటనవేలు పెట్టి చూసింది. సరిగ్గా కూర్చుంది. ఒళ్లు ఝల్లుమంది. ఇంతమంది బతుకులు ఇంత శ్రద్ధగా దాచినవాళ్లు ఎవరో గాని వాళ్లకు దండం పెట్టాలనిపించింది.

"ముట్టుకుంటే కొనాలని రూలేం లేదులే, భయపడకు."

వెనక నిలబడి ఉంది రాణిగారు. నిండైన మనిషి. మగవాళ్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, మెడలో తాడుకు కట్టిన విజిలు. కాళ్లకు రెండు రకాల చెప్పులు.

"ఇవన్నీ మీరే సర్దారాండీ?"

"మరి మా ఆయనా? ఆయన గుట్టలు పోసి పోయాడు. వీధులు నేను వేశాను. నీకేం కావాలి?"

చక్రం బండి సంగతి చెప్పింది. రాణిగారు నవ్వలేదు. ఆ బండి పేరు వినగానే చేతులు చొక్కాకు తుడుచుకుంది.

"ఏ పక్కది?"

"కుడి పక్కదండీ."

"రా."

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పుకోవాలి. పగులు ఎక్కడుందో చక్రం కళ్లారా చూడలేదు, ఏ పక్కదని బండి ఆపినాయన్నీ అడగలేదు. షెడ్డులో బండి ఎత్తి నిలబెట్టాక, చూపిస్తా రమ్మని బాబాయి పిలిచాడు. ఆమె వెళ్లలేదు. ఇంట్లోవాళ్లకు దెబ్బ తగిలితే కట్టు కట్టేదాకా తల తిప్పుకుని నిలబడేవాళ్లుంటారే, ఆ రకం. బాబాయి కుడిది అన్నాడు, ఆమె కుడిది అని ఊరంతా అడిగింది. పిన్ని మొగుడైన ఆ బాబాయి కొండ మీద పేరున్న మెకానిక్కు. ఆయన మాటకు తిరుగేముంటుంది?

రాణిగారు తీసుకెళ్లిన చోటు ఒక పాత బస్సు. టైర్లు లేవు, సీట్లు లేవు, కిటికీలకు అద్దాలు లేవు. నిలబడే ప్రయాణికులు పట్టుకోవడానికి పైన ఉండే కడ్డీలు మాత్రం ఉన్నాయి. ఆ కడ్డీలకు తాళ్లతో ఇనుప ముక్కలు వేలాడుతున్నాయి. యాక్సిళ్లు, రాడ్లు, పళ్ల చక్రాలు. ఏదీ దేనికీ తగలకుండా ఎడంగా కట్టి ఉన్నాయి. నేల మీద ఒక్క ముక్క లేదు.

"నేల మీద పెడితే ఇనుము మూగదవుతుంది" అంది రాణిగారు. "వేలాడదీసి కొడితేనే నోరు విప్పుతుంది. పగులుంటే దాచలేదు. పైన రంగు వేసి, నూనె రాసి ఎవడెంత నున్నగా చేసినా సరే, సుత్తి ముందు నిజం చెప్పాల్సిందే. నా దగ్గర ఒక పద్ధతుంది, విను. ముక్క కావాలన్నవాళ్లు తమ చేత్తో మోగించాలి. మోగించినవాళ్లదే ఆ ముక్క. ఆ తర్వాత ఎంతటివాడొచ్చి అడిగినా ఇవ్వను. ఒకసారి ఒక గేరుబాక్సు కోసం ఇద్దరు పెద్దమనుషులు ఇక్కడే జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. అప్పటి నుంచి ఈ పద్ధతి పెట్టాను."

"మరి మీరు కొడితేనండీ?"

"నేను కొడితే లెక్కలోకి రాదు. కొట్టు నాది కాబట్టి." తన మాటకు తానే నవ్వుకుంది.

కుడి పక్క స్టబ్ యాక్సిళ్లు ఒక గుత్తిగా ఉన్నాయి. చక్రం చిన్న సుత్తి తీసుకుని మొదటిదాన్ని కొట్టింది. టప్పుమంది. అడుగు పగిలిన కుండ మీద కొట్టినట్టే ఉంది. రాణిగారు తాడు విప్పి దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేసింది. "అది నాకు తెలియకుండా ఎలా దూరిందో" అంది, కాస్త సిగ్గుపడి. రెండోది కొట్టగానే కణేలుమంది. చివరిదాకా జీర లేకుండా సాగి ఆగింది.

చక్రం గుండె కుదుటపడింది. "ఇదేనండీ. ఇది మాది."

"నీదే. ఎవరు కాదన్నారు?" రాణిగారు ముక్కను దించి గోనెలో చుట్టసాగింది. చుడుతూ చుడుతూ, పెట్టెలో ఉన్న నగ చూపించకుండా ఉండలేని మనిషి లాగా, బస్సు చివరి వైపు చూసింది. "మోగడం అంటే అసలు ఎలా ఉంటుందో వింటావా? పని లేకపోయినా విను. మళ్లీ ఇలాంటిది వినవు."

బస్సు చివర, వెనక సీటు ఉండాల్సిన చోట, నూనె గుడ్డ కప్పి ఒకటి వేలాడుతోంది. రాణిగారు గుడ్డ తీసింది. అదే ముక్క, అదే రకం బండిది, ఎడమ పక్కది. చూపుకు పెద్ద తేడా లేదు. కొంచెం బరువుగా, కొంచెం మొరటుగా ఉంది. ఒంటి మీద చిన్న చిన్న సొట్టలున్నాయి. రాణిగారు సుత్తితో మెల్లగా, నిద్రపోతున్నవాళ్లను తట్టినట్టు తట్టింది.

చక్రం తన బతుకులో ఎన్నో మోతలు విన్నది. ఇంజిన్ల మధ్య పుట్టి పెరిగిన పిల్ల. అయినా ఇనుములో అంత గొంతు ఉంటుందని ఆమెకు తెలియదు. ఆ మోత ముందు సన్నగా మొదలై, ఆగిపోవలసిన చోట ఆగకుండా లావయింది. బస్సు రేకుల్లోకి పాకింది. కిటికీ పక్కన నీళ్ల డ్రమ్ములో నీళ్లు వణికాయి. బయట ఎక్కడో రేకులు కోస్తున్నవాళ్లు పని ఆపారు. వాళ్లకిది కొత్త కాదు, అయినా ఆపారు. చక్రం చెయ్యి చాచి అరచేయి దాని మీద ఆనించింది. మోత ఎముకల వెంబడి మోచేయి దాకా ఎక్కింది. కళ్లలో నీళ్లు ఎందుకు తిరిగాయో ఆమెకు అర్థం కాలేదు. ఏడుపు కాదు, సంతోషమూ కాదు. చాలా పెద్దదాని ముందు నిలబడినప్పుడు మనిషి చిన్నగా, తేలిగ్గా అయిపోతాడు, అదీ సంగతి.

మోత పూర్తిగా ఆరిపోయాక చక్రం చెయ్యి తీసింది.

"ఏంటండీ ఇది?" అంది చక్రం గుసగుసగా.

"మొదటి విడత బండిది. అప్పట్లో వీటిని ఎర్రగా కాల్చి, పెద్ద సుత్తి కింద పెట్టి సాగగొట్టేవాళ్లు. ఈ సొట్టలు అవే. తర్వాత ఖర్చు ఎక్కువవుతోందని అచ్చుల్లో పోసేశారు. పోసిన ఇనుము పని చేస్తుంది, కాదనను. కొట్టిన ఇనుము వేరు. దెబ్బలు తిని తిని లోపలంతా బిగుసుకుంది. నువ్వు పోతావు, నేను పోతాను, ఆ ముక్క ఉంటుంది."

"మరి ఆ బండి తుక్కుకు ఎందుకొచ్చిందండీ?"

"ఒక ఫ్యాక్టరీ గోడల లోపలే తిరిగింది మహాతల్లి. గుంట మొహం ఎరగదు. ఫ్యాక్టరీ మూసేశారు, బండి నా దగ్గరికొచ్చింది. ఇది దించిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము." ఆవిడ గొప్పలు చెప్పుకునే మనిషే గాని, ఈ మాట చెప్పేటప్పుడు గొంతులో గొప్ప లేదు.

చక్రానికి తన చేత్తో ఒక్కసారి కొట్టాలని మహా ఆశ పుట్టింది. సుత్తి తీసుకుంది, ఎత్తింది. అంతలో పద్ధతి గుర్తొచ్చి ఆగింది.

"వద్దులెండి. కొడితే నాదవుతుంది. నాకు దొరకవలసింది దొరికింది. ఇది ఇంకెవరికో ప్రాణం మీద పనికొస్తుంది." సుత్తిని జాగ్రత్తగా కిటికీ అంచు మీద పెట్టేసింది.

రాణిగారు ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. అంత బుద్ధిగా ఉండేవాళ్లు తుక్కు యార్డులకు ఎక్కువగా రారు. గోనె మూట చేతికిస్తూ, "నాకొకటి వింతగా ఉంది" అంది. "ఈ రకం బండికి కుడిది పగలడం నేనింతవరకు చూడలేదు. ఎప్పుడు పోయినా ఎడమదే పోతుంది. రోడ్డు అంచున గుంటలన్నీ ఆ పక్క టైరే కదా తినేది. అందుకే కుడివి నా దగ్గర ఇన్ని పడున్నాయి. ఎడమవి ఊరంతా వెతికినా ఇదొక్కటే. మీ బండి మరి ఎలా విరుచుకుందో."

చక్రం నవ్వేసి ఊరుకుందామనుకుంది. "మా మేనత్త అన్నీ వ్యతిరేకమేలెండి" అని కూడా అంది. కాని రెండడుగులు వేశాక నవ్వు ఆగిపోయింది. ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

"ఒక్క ఫోన్ చేసుకుని వస్తానండీ."

"ఇక్కడ అందదు. ఇంత ఇనుము మధ్య ఏ సిగ్నలూ బతకదు. గేటు దగ్గరికెళ్లు."

మూటను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకనేసుకుని గేటు దాకా నడిచింది. బాబాయి ఒక్క మోతకే ఫోనెత్తాడు.

"బాబాయ్, దొరికింది."

"మోగిందా?" అన్నాడు.

"మోగింది."

"మీ పిన్ని ఇందాకటి నుంచి ఫోను పక్కనే కూర్చునుంది. ఇప్పుడు తనకేం పట్టనట్టు గిన్నెలు సర్దుతోంది. అవి నిన్ననే సర్దేసింది." గొంతు సవరించుకున్నాడు. "బయల్దేరి వచ్చేయ్ తల్లీ. రాత్రికల్లా బిగించేస్తాను."

"బాబాయ్, ఒక్కమాట. కుడిదే కదా?"

"ఎన్నిసార్లు చెప్పాలే? కుడిదే. నా కళ్లతో చూశాను. సరే, కంటితో చూశాను." బాబాయికి ఒక కన్ను చిన్నప్పటి నుంచీ కనపడదు. అందుకే లైసెన్సు రాలేదు. బండి ఏనాడూ నడపలేదు.

నడపనివాడు బండి లోపల కూర్చుని చూసింది ఎప్పుడని చక్రానికి అప్పుడు తట్టింది.

"ఎవరి కుడి, బాబాయ్?"

"ఎవరి కుడి ఏంటి? కుడికి మళ్లీ ఊరూ పేరూ ఉంటాయా? నా కుడి."

"నువ్వెక్కడ నిలబడితే?"

"బండి ముందు. బానెట్ ఎత్తి. ఇంకెక్కడ నిలబడతాను, నెత్తి మీదా?"

"నేను కూర్చునే పక్కా, పిన్ని కూర్చునే పక్కా?"

అవతల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. "మీ పిన్ని కూర్చునే పక్క" అన్నాడు.

పిన్ని కూర్చునేది ముందు సీట్లో, డ్రైవరుకు ఎడమ పక్కన.

చక్రానికి కోపం రావాలి. రాలేదు. ఆశ్చర్యమే వేసింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఇద్దరూ కలిసి ఒకే బండిని సాకారు. ఆమె ఎప్పుడూ బండి లోపల కూర్చుని, బండి చూసే వైపే చూసింది. ఆయన ఎప్పుడూ ఎదురుగా నిలబడి, దాని మొహంలో మొహం పెట్టి చూశాడు. ఆమె కుడి ఆయనకు ఎడమ, ఆయన కుడి ఆమెకు ఎడమ. "కుడి పక్క నట్టు బిగించు" అని ఆయన అనడం, ఆమె తన కుడిది బిగించడం, "ఏం పరధ్యానమే నీది" అని ఆయన తిట్టడం, "నీకే మతిమరుపు" అని ఆమె ఎదురు చెప్పడం, ఇన్నేళ్లూ ఇదే భాగోతం. ఇద్దరిలో ఎవరిదీ పరధ్యానం కాదు. ఒక ఇంట్లో రెండు కుడులున్నాయి, ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు.

"దాని సీటు కిందే పగులు పెట్టుకుని..." అన్నాడు బాబాయి. "ఆ పక్కనే కూర్చోబెట్టి పంపించానే ఇన్నాళ్లూ."

"బాబాయ్, విను. ఎడమది కూడా ఉందిక్కడ. ఒకటే ఉంది, కాని అలాంటిది నువ్వు పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండవు. సుత్తితో సాగగొట్టింది. నేను ఇప్పుడే వెళ్లి..."

అప్పుడు యార్డు లోపలి నుంచి ఆ మోత వచ్చింది.

సన్నగా మొదలై, లావయి, తలుపుల వీధి దాటి, హెడ్‌లైట్ల గోడ దాటి గేటు దాకా వచ్చింది. రాణిగారు తట్టినట్టు మెల్లగా తట్టింది కాదు. ఎవరో గట్టిగా, చెయ్యి సాచి కొట్టిన దెబ్బ.

"అదేంటే?" అన్నాడు బాబాయి ఫోనులో. ఆయన చెవికి ఇనుము సంగతి చెప్పనక్కర్లేదు. "అదేనా? అబ్బ. ఏం మోగుతోందే తల్లీ. ఇది పడితే మేనత్త నీ మనవలను కూడా మోస్తుంది. ఒసే, ఇటు రావే, నీ సీటు కింద పెట్టేది ఎలా మోగుతోందో విను." పిన్నిని పిలుస్తున్నాడు. పిన్ని వచ్చి ఫోను దగ్గర చెవి పెట్టి ఉంటుంది, ఎందుకంటే గిన్నెల చప్పుడు ఆగింది. ఇద్దరూ అంత దూరంలో, ఒకే ఫోను మీదికి వంగి, ఆ మోత ఆరేదాకా వింటున్నారు. చక్రం ఫోను చెవి నుంచి తియ్యలేకపోయింది. మోత ఆగాక మళ్లీ చేస్తానని పెట్టేసి, మూటతో సహా పరుగెత్తింది.

బస్సు చివర సుత్తి పట్టుకుని నిలబడిన మనిషిని ముందు ఆమె గుర్తుపట్టలేదు. వెలిసిన చొక్కా, మోకాళ్ల మీద మట్టి. టోపీ లేకపోయేసరికి సగం మనిషిలా ఉన్నాడు. ఇటు తిరిగాక తెలిసింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు.

"సార్, అది మాది."

"మీరు కుడిది తీసుకున్నారని రాణిగారు చెప్పారు."

"పొరపాటైంది సార్. మాకు కావలసింది ఎడమది."

"తెలుసు" అన్నాడు. "చూసింది నేనే కదా. మీరు కుడిది ఎందుకు తీసుకున్నారో నాకు అర్థం కాలేదు. రెండూ మారుస్తున్నారేమో, ఎడమది ఎక్కడో దొరికిందేమో అనుకున్నాను."

చక్రం రాణిగారి వైపు తిరిగింది. ఆవిడ కిటికీ వైపు చూస్తోంది. "మోగించాడమ్మాయ్" అంది, ఎటో చూస్తూనే. "నువ్వు సుత్తి ఎత్తి దించావు. అతనొచ్చి కొట్టాడు. ఇప్పుడు నేను మాట తప్పితే ఈ యార్డులో ఒక్క ముక్కకూ విలువ ఉండదు."

"మీకెందుకు సార్ అది?" అంది చక్రం. "మా బండి ఆపింది మీరు. ఈ ఊళ్లో ఒక్కటే ముక్క ఉందని తెలిసే ఆపారా? పోటీ లేకుండా చేసుకుందామనా?"

ఇన్‌స్పెక్టరు మొహం మాడిపోయింది. కోప్పడతాడనుకుంది. ఆయన సుత్తిని రెండు చేతుల్లోకీ మార్చుకుని చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"మీ బండి కింద ఆ పగులు చూశాక మాది గుర్తొచ్చి, నిన్న రాత్రి మా బండి కింద దూరాను. అదే రకం బండి మాది కూడా. అదే చోట, అదే పగులు. అంతకు ముందు ఎప్పుడూ చూసుకోలేదు. ఊరందరి బండ్లూ చూస్తాను, మాది చూడలేదు. మాది ఏటి అవతల. మా దారిలో వంతెనా అంతే వెడల్పు." కిటికీలోంచి బస్సు పక్కన గోడ వైపు చూపించాడు. చక్రం అటు చూసింది. ఇందాక పరుగెత్తుతూ పక్క నుంచే వచ్చింది గాని చూడలేదు. మేనత్తకు కవల లాగా ఉన్న వ్యాను ఒకటి గోడ నీడన ఆగి ఉంది. "వెనక గేటు నుంచి, నడిచినట్టు నడుపుకుంటూ తెచ్చాను. ఇక్కడే బిగించుకుని వెళదామని."

"లోపల ఎవరో ఉన్నారు" అంది చక్రం.

"మా అమ్మ. ఇంట్లో ఒంటరిగా వదలలేను."

ఆయన మాట పూర్తి కాకముందే వ్యాను తలుపు తెరుచుకుంది. ముందు సీట్లో, ఎడమ పక్కన, పలచటి పెద్దావిడ. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది. ఆ చేతి మీద ఉబ్బిన నరం, దాని మీద పిన్ని చేతికి ఉన్నట్టే తెల్ల పట్టీ. చక్రం ఆవిడను ఎరుగును. ఆసుపత్రిలో ఎన్నోసార్లు చూసింది. మిషన్ల గదిలో పిన్ని పక్క మంచం ఆవిడది.

చక్రం బస్సు దిగి అటు నడిచింది. ఇన్‌స్పెక్టరు సుత్తితోనే వెంట వచ్చి, వినీ వినపడనట్టు అన్నాడు. "మా బండి సంగతి ఆవిడకు తెలియదు. తెలిస్తే సోమవారం ఎక్కదు. నన్ను కష్టపెట్టడం ఎందుకని ఎప్పటి నుంచో మానేస్తానంటోంది."

"కొండబండి అమ్మాయివి కదూ" అంది పెద్దావిడ. మొహమంతా నవ్వు. "నిన్న మీ పిన్ని వెనకాల వస్తుందిలే అని సూది వేయించుకున్నాను, చివరిదాకా తన మంచం ఖాళీగానే ఉంది. ఎవరూ ఏమీ చెప్పరు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదనుకో. చివరికెవరో బండి సంగతి చెప్పారు. ఇంటికి రాగానే మావాడిని పట్టుకున్నాను. ఆ పిల్ల బండి నువ్వే ఆపావట, ఆ సామానేదో నువ్వే వెతికి వాళ్లకు పెట్టరా, పెట్టేదాకా నాకు మొహం చూపించకు అన్నాను. అందుకే పొద్దున్నే బయల్దేరదీశాడు నన్ను. ఇందాక ఏదో గంట కొట్టినట్టు వినిపించింది. దొరికిందా తల్లీ?"

ఇన్‌స్పెక్టరు తల వంచుకున్నాడు. చేతిలో సుత్తి ఉందన్న సంగతి కూడా మరిచిపోయినట్టున్నాడు.

"దొరికిందండీ" అంది చక్రం.

"హమ్మయ్య" అంది ఆవిడ. తలుపు దగ్గరికి లాగుకుంటూ, పట్టీ ఉన్న చెయ్యి చాచి చక్రం చెంప నిమిరింది. "మీ పిన్నికి చెప్పు. సోమవారం ఇద్దరం కలిసే ఎక్కుతాం, కలిసే దిగుతాం. ఒకళ్లు రాకపోతే రెండోవాళ్లు కూడా సూది వేయించుకోకూడదని మేమెప్పుడో మాట అనుకున్నాం."